క భాష పెద్దమ్మ

మొన్న కదిరి నుంచి అనంతపురానికి బస్సులో వస్తున్నాను. నా ముందు సీట్లో కాలేజీ సంచులు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు కూర్చున్నారు. కండక్టరు టికెట్లిచ్చి అటు తిరగ్గానే ఒకమ్మాయి రెండో అమ్మాయి వైపు వంగి "కమీకసాకలు కచూకడు" అంది. ఇద్దరూ సంచుల్లో మొహాలు దాచుకుని నవ్వుకున్నారు. మీసాలు చూడు, అని. ప్రతి అక్షరం ముందు ఒక 'క' తగిలిస్తే క భాష అయిపోతుంది. ఆడపిల్లలున్న ప్రతి ఊళ్ళోనూ ఇది ఉండేదే.

ఆ పిల్లలు ఒక్కో అక్షరాన్నీ తడుముకుంటూ మాట్లాడుతున్నారు. ముదిగుబ్బ దాటేదాకా వింటూ కూర్చున్నాను. మా పెద్దమ్మ ఆ బస్సులో ఉండుంటే లేచి వాళ్ళ దగ్గరికి పోయి, ఆ పిల్లల గడ్డాలు పట్టుకుని, "క ను నమలగూడదు పాపా, మింగల్ల" అని నేర్పించి వచ్చుండేది.

ఆమె పోయి రెండేళ్ళు దాటింది. నాకు సొంత పెద్దమ్మ కాదు. ముదిగుబ్బలో మా అత్తగారింటికి ఎదురిల్లు. పొట్టి మనిషి. ఎడమ బుగ్గన ఎప్పుడూ వక్క ఉండేది. చెనిక్కాయలు ఒలిచేటప్పుడు కాయల వైపు చూసేది కాదు. బొటనవేలు తన పని తాను చేసుకుపోతూ ఉంటే, కండ్లు మాత్రం వీధి చివరిదాకా తిరిగి వచ్చేవి. మామూలు తెలుగులో ఆమె చాలా కరుకు. ఎవరన్నా బాగుండావా అని అడిగితే "ఉండా" అని ఊరుకునేది. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు. అదే క భాషలోకి దిగిందంటే వేరే మనిషయ్యేది. ఎగతాళి చేసేది, దీర్ఘాలు తీసేది, ఎదురింటి మనిషి నడకను మాటల్లోనే నడిచి చూపించేది. అంత వేగంగా మాట్లాడుతూ ఒక్క అక్షరం తప్పేది కాదు. ఆమె మాట్లాడుతుంటే క అనే శబ్దం చెవికి తెలిసేది కాదు. ఊపిరితో పాటు లోపలికి పోయేది.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, చిన్నప్పుడు చేలల్లో కలుపు తీసేటప్పుడు పెద్దోళ్ళ దగ్గర పట్టుకున్నానని చెప్పింది. గట్టు మీద ఆసామి నిలబడి చూస్తుంటే, ఆయన గురించే ఆయన ముందరే మాట్లాడుకునేవాళ్ళంట. ఆయన నవ్వుతూ తల ఊపేవాడంట, పాట పాడుతున్నారనుకుని.

నేను గుత్తి పిల్లను. తొంభైల చివర్లో పెండ్లయి ముదిగుబ్బకు వచ్చినాను. వచ్చిన కొత్తలో ఒకరోజు ఎదురింటి ముందర నలుగురైదుగురు ఆడోళ్ళు చేటలు పెట్టుకుని విత్తనం కాయలు ఒలుస్తున్నారు. నేను గడపలో నిలబడి ఉన్నాను. పెద్దమ్మ నా వైపు చూడకుండానే "కముకక్కు కపొకడుకగు" అంది. ముక్కు పొడుగు, అని. మిగతావాళ్ళు చేటల్లోకి వంగి నవ్వుకున్నారు. కొత్త కోడలు నోరు తెరవకూడదని మా అమ్మ చెప్పి పంపింది గానీ, అది తెలుగులో తెరవకూడదని మాత్రమే కదా అనుకున్నాను. "కచెకవుకలు కగూకడా కపొకడుకగే" అన్నాను. చెవులు కూడా పొడుగే.

కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది. ఆమె వక్క ఉమ్మేసి నన్ను కింది నుంచి మీదికి చూసింది. తన చేటను పక్కకు జరిపి నాకు చోటిచ్చింది.

ఆ రోజు నుంచి నాకు పరీక్షలు మొదలైనాయి. క అందరికీ తెలిసిపోయిందని, ఒకరోజు ప పెట్టాలనేది, ఇంకోరోజు చ పెట్టాలనేది. ఏరోజు ఏ అక్షరమో పొద్దున కళ్ళాపి చల్లేటప్పుడు తనే నిర్ణయించేది. నేను తడబడితే చేతిలోని పొట్టు నా మీదికి విసిరేది.

ఈ విద్యలో ఆమెకు సమానమైన మనిషి ఒకరే, కోడలు రవణమ్మ. అత్తాకోడళ్ళు పోట్లాడుకునేది కూడా క భాషలోనే. మామూలు మాటల్లో పోట్లాడుకుంటే కొడుకు మధ్యలోకి వచ్చి ఏదో ఒక పక్క చేరతాడని, అప్పుడది తేలే పోట్లాట కాదని ఆమె వాదన. వాళ్ళిద్దరూ వంటింట్లో గలగలమని తిట్టుకుంటుంటే ఆ అబ్బాయి అరుగు మీద కూర్చుని ఏం జరుగుతోందని అడిగేవాడు. నీకు చారు వెయ్యమంటున్నా నాయనా, అనేది ఆమె, గొంతు మార్చకుండా.

తర్వాత వానలు వరసగా మొహం చాటేసినాయి. చెనిక్కాయ పంట చేతికి రాలేదు. ఉన్న ఒక్క బోరూ ఎండిపోయింది. కొడుకు బెంగళూరుకు బిల్డింగు పనికి పోయినాడు. రవణమ్మ, చంకలో పిల్లోణ్ణి అత్తకిచ్చి, కదిరిలో ఒక ఏజెంటు ద్వారా కువైటుకు ఇంటిపనికి పోయింది. పోవద్దని పెద్దమ్మ చాలా చెప్పి చూసింది. వినకపోయేసరికి చెనిక్కాయల పొడి చేసి మూట కట్టిచ్చింది.

అప్పటికి మేం బస్టాండు దగ్గర ఎస్టీడీ బంకు పెట్టుకున్నాం. పగలంతా నేనే కూర్చునేదాన్ని. కువైటు నుంచి ఫోన్లు మా బంకుకే వచ్చేవి. నేను మనిషిని పంపి, వాళ్ళ వాళ్ళను పిలిపించేదాన్ని.

రవణమ్మ మొదటి ఫోను ఒక శుక్రవారం వచ్చింది. పెద్దమ్మ పిల్లోణ్ణి ఎత్తుకుని పరుగున వచ్చి మాట్లాడింది. పాత ఫోను కాబట్టి అవతలి గొంతు నాకూ వినపడుతూనే ఉండింది. ఇక్కడ అందరూ చాలా మంచివాళ్ళని, నన్ను సొంత మనిషి మాదిరి చూసుకుంటున్నారని, మీరేమీ దిగులు పెట్టుకోవద్దని రవణమ్మ చెప్పింది. నాకు సంతోషమేసింది. పెద్దమ్మ ఫోను పెట్టి అక్కడే నిలబడిపోయింది.

"అది నా కోడలి మాట కాదు. నా కోడలు నాతో ఇంత మర్యాదగా ఎప్పుడు మాట్లాడిందని?" అంది.

నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు. ఫోన్లో ఇంకొకరు ఊపిరి తీస్తూ ఉన్నారని చెప్పింది.

రెండో ఫోను కోసం ఆమె ఎదురుచూసింది. అది వచ్చిన రోజు బాగుండారా అంటే బాగుండారా అనుకున్నాక, "చిన్నోడు నీతో మాట్లాడతాడంట, ఇదో" అంది. పిల్లోడు ఆమె కాళ్ళ దగ్గర నిలబడి చేతులు చాపినాడు. ఆమె ఫోనును కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చుకుంది, అంతే. గొంతు సన్నం చేసి, మూడేండ్ల పిల్లోని మాదిరి ముద్దుముద్దుగా "కబాకగుంకడాకవా" అని అడిగింది.

బాగుండావా?

అవతల రవణమ్మ, బిడ్డను ముద్దుచేసే గొంతుతోనే, "కలేకదు" అంది.

లేదు.

ఆ తర్వాత అత్తాకోడళ్ళు పసిపిల్లల మాటల మాదిరి ఏమేమో మాట్లాడుకున్నారు. పాస్‌పోర్టు వాళ్ళే పెట్టుకున్నారు. ఇంటామె తన ఇంటితో పాటు అక్క ఇంట్లో కూడా పని చేయిస్తుంది. బయట తాళం. సలసలకాగే నూనె చేతి మీద పడితే ఆస్పత్రికి తీసుకుపోలేదు. ఫోను మాట్లాడేటప్పుడు ఆ ఇంటి డ్రైవరు ఇంకో ఫోను పట్టుకుని వింటాడు. కడప పక్క మనిషి, తెలుగు తెలుసు. ఒక్క మాట తప్పు మాట్లాడినా ఇంటామెకు చెప్పాలని అతనికి ఆర్డరు.

పెద్దమ్మ బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. కొడుకును పిలిపిద్దామని, కదిరికి పోయి ఏజెంటును నిలదీద్దామని నేనన్నాను. ఆమె వద్దంది. కొడుక్కి తెలిస్తే కేకలేస్తాడు, ఏజెంటుకు తెలిస్తే వాళ్ళకు ఫోను కొడతాడు, ఆ తర్వాత ఇక ఫోనే ఉండదు, దాని గొంతు కూడా మనకుండదు, అంది. నాతో కూడా ఒట్టు వేయించుకుంది. వక్క చేతిలోకి తీసుకుని, నోట్లో వేసుకోకుండానే కొంగున ముడేసుకుంది.

అప్పటి నుంచి ఫోను వచ్చినప్పుడల్లా ఆమె చిన్నోడయ్యేది. ఇంటామె ఇచ్చే సమయం చాలా తక్కువ. ఆ కాస్తలోనే అడగాల్సినవన్నీ అడిగేది. మీ ఇంటి ముందర ఏముండాది? గేటు ఏ రంగు? నిన్ను ఎప్పుడన్నా బయటికి పంపుతారా? పిల్లోడు కొంగు పట్టుకుని గుంజేవాడు. పక్క అంగట్లో బొరుగుల పొట్లం కొనిచ్చి కూర్చోబెట్టేది. ఒకసారి వాడు మా అమ్మ, మా అమ్మ అంటూ ఫోను వైరు పట్టి లాగితే చెయ్యి విడిపించి కొట్టింది. వాణ్ణి ఆమె కొట్టడం నేను చూసింది అదొక్కసారే. వాడు ఏడుస్తూ ఉంటే ఆ ఏడుపు పక్కనే వాని గొంతుతో మాట్లాడుతూ పోయింది.

ఇంటి దగ్గర నీళ్ళ ట్యాంకులున్నాయని రవణమ్మ ఒకసారి చెప్పింది. ఎట్లుంటాయని అడిగితే "కపుకట్టకగొకడుకగు" అంది. పెద్దమ్మకు నమ్మకం కలగలేదు. మళ్ళీ అడిగింది. పుట్టగొడుగుల మాదిరే, నీలం చారలతో, ఒక గుంపుగా ఉంటాయని రవణమ్మ గట్టిగా చెప్పింది. ఎదురుగా బడి, బడి పక్కన మందుల అంగడి. ఇంటోళ్ళు శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయినప్పుడు చెత్త బయట వేయడానికి డ్రైవరు గేటు తీస్తాడు. అతను నిలబడి చూస్తూ ఉంటాడు. లోపలికి రాగానే తాళం వేస్తాడు.

మా బంకుకు కువైటు నుంచి ఫోను చేసేవాళ్ళలో నల్లమాడ పక్క కుర్రోడు ఒకడుండేవాడు. అక్కడ నీళ్ళ ట్యాంకరు తోలేవాడు. వాళ్ళమ్మతో మాట్లాడడానికి చేసేవాడు. పెద్దమ్మ ఆ తల్లిని బతిమాలి, తర్వాతి ఫోనులో వానితో మాట్లాడింది. ఆ ట్యాంకులు తనకు తెలుసని, రోజూ అటే పోతానని వాడు చెప్పినాడు. మనిషిని తీసుకురమ్మనేసరికి మాత్రం భయపడినాడు. తెలిస్తే నన్ను జైల్లో వేస్తారు అత్తా, ఉద్యోగం పోతుంది అన్నాడు. ఆమె గట్టిగా అడగలేదు, ఏడవలేదు.

"నువ్వేమీ చేయొద్దు నాయనా. స్నేహితుని కారొకటి తెచ్చి ఆ మందుల అంగడి కాడ నిలుపు. తలుపు తీసి పెట్టు. ఆమె ఎక్కితే మన దేశం ఆఫీసు కాడ దించు. ఎక్కకపోతే తలుపు మూసుకుని పో" అంది.

వాడు ఆలోచించి చెప్తానన్నాడు. ఆమె మా బంకు ముందర నుంచి లేస్తే ఒట్టు. అక్కడే కూర్చుని ఎవరివో కాయలు ఒలిచింది. చివరకు వాడు సరేనన్నాడు.

ఆ తర్వాత రవణమ్మ ఫోను వచ్చినప్పుడు ఆమె చిన్నోని గొంతుతో అంతా చెప్పింది. వచ్చే శుక్రవారం. మందుల అంగడి. తెల్ల కారు. చెత్త చేతిలో ఉన్నట్టే ఉండాలి, మూట ఏదీ తీసుకోగూడదు, వెనక్కు చూడగూడదు. చెప్పడం అయిపోయేసరికి ఫోన్లో మగ గొంతు వినపడింది.

"ఏమ్మా, పిల్లోడు ఏమంటాండాడు?"

ఆమె ఫోనును ఎడమ చెవి నుంచి కుడి చెవికి మార్చుకుంది. తన గొంతు తాను తెచ్చుకుంది.

"వాళ్ళమ్మను ఇంటికి రమ్మంటాండాడప్పా."

ఆ మనిషి, "పసోడు కదా. అట్లే అంటాడు లే" అన్నాడు. ఫోను పెట్టేసినారు.

శుక్రవారం పొద్దున నుంచి పెద్దమ్మ బంకులో కూర్చుంది. మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలే వేళకు ట్యాంకరు కుర్రోడు ఫోను చేసినాడు. దించి వచ్చినా అత్తా, అన్నాడు. ఆమె ఫోను నాకిచ్చి గోడకు ఆనుకుంది. చాలాసేపు కండ్లు మూసుకునే ఉంది.

ఎంబసీలో కాగితాలు తయారై రవణమ్మ రావడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. వచ్చినాక, ఒకరోజు కాయలు ఒలుస్తూ మాకు ఆ శుక్రవారం సంగతి చెప్పింది. పొద్దున డ్రైవరు వంటింట్లోకి వచ్చి టీ తాగి గ్లాసు పెట్టినాడంట. తాళంచెవులు జేబులో వేసుకుని, రవణమ్మ పక్క నుంచి పోతూ, మొహం చూడకుండా ఒక్క మాట అన్నాడంట.

"కపో."

పో, అని. ఆ మధ్యాహ్నం గేటు తీసి, నిలబడి చూడకుండా, ఇంటి వెనక్కు పోయినాడంట.

పెద్దమ్మ చేతిలోని కాయ అట్లాగే ఉండిపోయింది. మొదట ఆమెకు కోపమొచ్చింది. అయితే మొదటి నుంచీ అన్నీ అర్థం చేసుకుంటూనే ఉన్నాడా, నా మాటలు ఒక మగోనికి అంత సులువుగా తెలిసిపోయినాయా అని సణిగింది. తర్వాత నెమ్మదించి, వానికి అక్కచెల్లెండ్లు ఉండారా అని అడిగింది. ముగ్గురు అక్కలున్నారని ఎప్పుడో చెప్పినాడంది రవణమ్మ. అవునవును, అట్లయితే తెలుస్తాది, అంది ఆమె. వానికేమీ కాలేదు గదా అని అడిగింది. రవణమ్మకు తెలియదు. అటు తర్వాత ఎన్నో రోజులు, కువైటు నుంచి ఫోను వచ్చిందంటే కడపోళ్ళదా అని ఆమె నన్ను విచారించేది. పేరు కూడా తెలియని మనిషి కోసం.

రవణమ్మ దిగిన రోజు గురించి కూడా చెప్పాలి. బెంగళూరు నుంచి బస్సులో వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ లేదు. అత్త కోడలి చెయ్యి తిప్పి కాలిన మచ్చ చూసింది. ఇన్ని నెలలు అన్ని మాటలు మాట్లాడినోళ్ళు, ఎదురెదురుగా నిలబడి ఒక్క మాటా మాట్లాడలేకపోయినారు. రవణమ్మ పిల్లోని కోసం వంగింది. వాడు అవ్వ చీరలోకి దూరినాడు. చిన్నోడా అని పిలిస్తే ఆ గొంతు వానికి తెలియలేదు. ఏడుపు అందుకున్నాడు.

ఇంటికి పోయినాక కూడా అంతే. అవ్వ పెడితేనే తినేవాడు, అవ్వ పక్కనే పండుకునేవాడు. తల్లి ఎత్తుకోబోతే కట్టె మాదిరి బిగుసుకునేవాడు. కొడుకు బెంగళూరు నుంచి వచ్చి కొన్నాళ్ళుండి, పిల్లలకు అలవాటైపోతుందిలే అని చెప్పి పోయినాడు. రవణమ్మ బట్టలుతికే బండ దగ్గర కూర్చుని ఏడ్చుకునేది. ఒకరోజు పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది.

"ఫోన్లో వాని వంతు అంతా నేనే తినేస్తి" అంది.

వేరే దారి ఎక్కడుందని, ఆ కాస్త సమయంలో పిల్లోనికి ఫోనిచ్చి ఉంటే రవణమ్మ వచ్చుండేదే కాదని నేను చెప్పినాను. అది నాకూ తెలుసు, అయినా వాని వంతు వానిదే కదా అంది. గుత్తికి ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ మారాలి అని అడిగి తెలుసుకుంది. గుత్తిలో ఆమె చెల్లెలుండేది. ఏ పండగకూ పోయి రెండు రోజులుండని మనిషి. మరుసటి రోజు పిల్లోడు మా ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు, వానికి కనపడకుండా, సంచి తీసుకుని పోయింది.

వాడు ఏడ్చినాడు. వీధంతా వెతికినాడు. ఆమె గుత్తి నుంచి మా బంకుకు ఫోను చేసేది. తల్లి దగ్గర తింటాండాడా అని అడిగేది. లేదు, పస్తులుంటున్నాడు అని చెప్తే మర్నాడు పొద్దున్నే మళ్ళీ చేసేది. పిల్లోణ్ణి పిలుస్తాను, ఒక్క మాట మాట్లాడు పెద్దమ్మా అని నేనంటే ఒప్పుకునేది కాదు.

"వద్దు. నా గొంతు వానికి వినిపించద్దు."

కొన్ని వారాలకు, తింటున్నాడని చెప్పగలిగినాను. ఆ తర్వాత, తల్లి పక్కన పండుకుంటున్నాడని. అయినా ఆమె రాలేదు. నాలుగు చినుకులు పడి, విత్తనం కాయలు ఒలిచే కాలం వచ్చినాకనే వచ్చింది. బస్సు దిగి బంకులోకి వచ్చి నీళ్ళు తాగింది. చిక్కిపోయింది. నేను బంకు మూసి ఆమె వెంట ఇంటిదాకా నడిచినాను. వీధి మలుపు తిరిగినాక ఆమె నడక తగ్గింది.

రవణమ్మ గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్నోడు. రాగిసంకటి ముద్దను తుంచి, ఊరిబిండిలో అద్ది నోట్లో పెడుతోంది. వాడు నమలుతూ తల తిప్పి మమ్మల్ని చూసినాడు. వాడు ఒళ్ళోంచి లేవలేదు. తల్లి గడ్డం పట్టి తన వైపు తిప్పుకుని, "మా, అవ్వ వచ్చినాది" అని చెప్పినాడు. చెప్పి, తర్వాతి ముద్ద కోసం నోరు తెరిచినాడు.

రవణమ్మ లేవబోయింది. పెద్దమ్మ వీధిలోంచే చెయ్యెత్తి వద్దని సైగ చేసింది. ఇటు తిరిగి మా అరుగు మీద, సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"తిననీ" అంది నాతో మెల్లగా, వాళ్ళ మీద నుంచి కండ్లు తిప్పకుండా. "కడుపునిండా తిననీ. నాకేం తొందర లేదు."